ఫింజాన్ కింద పెట్టిన రోజు

మా జగిత్యాల వైపు నుంచి గల్ఫ్ పోయి వచ్చినవాళ్లను ఏం పని చేశావని అడిగితే సెంట్రింగ్ అంటారు, ప్లంబింగ్ అంటారు, డ్రైవరీ అంటారు. నేను చేసిన పనికి మాత్రం ఊళ్లో ఇప్పటికీ పేరు కుదరలేదు. "పటాలు తగిలిచ్చెటోడు" అంటారు. నా భార్య అయితే మొదటి పదేళ్లు ఎవరడిగినా "వడ్ల పని", అంటే వడ్రంగం, అని చెప్పి తప్పించుకునేది. గోడకు పటం తగిలించడానికి ఒక మనిషి సముద్రం దాటాలా అని నవ్వుతారని ఆమె భయం.

ఇప్పుడు సౌదీలో ఊరూరా మ్యూజియాలు, ప్రదర్శనశాలలు లేస్తున్నాయట. మొన్న మా వాడకట్టు పిల్లలు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. "పెద్దనాయినా, గా పటాల కంపెనీలనే పని దొరికింది. పోయేముందు ఏం నేర్సుకోవాలె?" అన్నారు. ఆ రోజు చాయ్ తాగించి పంపించాను గానీ సరైన జవాబు చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. జీతం ఎలా పెరిగింది, అక్కడ ఉండనిచ్చే అకామా కార్డు ఎన్నిసార్లు రెన్యువల్ అయింది, ఇవన్నీ రాయను. అవి మీకే తెలుస్తాయి. నాకు పని నేర్పిన ఒక పటం గురించి, దానికి నేను చేసిన పాడు పని గురించి రాస్తాను. అక్కడివాళ్లు అరబ్బీలో అన్న మాటలను నాకు అర్థమైన తీరులో మన మాటల్లో పెడుతున్నాను.

అరగంట చూడు

నేను మొదట పోయింది యాన్బుకు. రిఫైనరీ పక్కన సెంట్రింగ్ వడ్రంగిని. తర్వాత యంత్రాల విడిభాగాలు పంపడానికి చెక్క పెట్టెలు కొట్టే పనిలో పెట్టారు. గొప్పలు అనుకోకండి, నేను కొట్టిన పెట్టె మూలలో వెంట్రుక కూడా దూరేది కాదు. మా తాత, మా నాన్న బండ్లు, నాగళ్లు చేసినవాళ్లు. ఆ చేతివాటం నాకూ వచ్చింది.

జిద్దాలో అప్పుడు ఒక చిన్న వర్క్‌షాపు ఉండేది. పెద్దవాళ్ల ఇళ్లలోని పటాలను బాగుచేసి, పెట్టెల్లో పెట్టి, మళ్లీ తీసుకెళ్లి తగిలించేవాళ్లు. దాన్ని నడిపేది కరీం అనే ఈజిప్టు ఆయన. అందరూ ముఅల్లిమ్ అనేవాళ్లు, అంటే మన మేస్త్రీ లాగా. నా పెట్టె ఒకటి ఎక్కడో చూసి, ఇది కొట్టినవాడు ఎవడని వెతుక్కుంటూ యాన్బు వచ్చాడు. నా కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, మార్పించడానికి తనే ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆ రోజుల్లో ఒక కూలివాడి కోసం అంత తిరిగే మనిషిని నేను చూడలేదు.

పనిలో చేరిన రోజు పనిముట్ల సంచీ విప్పబోతే వద్దన్నాడు. ఒక స్టూలు వేసి, స్టాండు మీద ఉన్న పటం ముందు కూర్చోబెట్టాడు.

"అరగంట చూడు. తర్వాత ఏం చూశావో చెప్పు" అన్నాడు.

రెండు నిమిషాలకే లేచాను. "ఒక ఊరు. ఇల్లు. మనుషులు" అన్నాను.

"ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలున్నాయి" అని తన పనికి పోయాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. గంటకు పెట్టె కొట్టేవాణ్ని తెచ్చి బొమ్మ ముందు కూర్చోబెట్టడం ఏమిటి? అయినా కూర్చున్నాను. ఫ్రాన్సు దేశపు పల్లెటూరి బొమ్మ అది, నూట యాభై ఏళ్ల కిందటిది. చేతులు బార్లా చాపినంత వెడల్పు. వేసినాయన పెద్ద పేరున్నవాడు కాదట. రాతి గోడల ఇల్లు, పైన సన్నగా పొగ. కంచె మీద ఆరేసిన బట్టలు. గుమ్మంలో ఒకామె చెక్క చెప్పులు పక్కన విడిచి, ఒడిలో గిన్నె పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పటం కింది మూలకు మూడు కోళ్లు. రెండు గింజలు ఏరుకుంటున్నాయి. మూడోది తల ఎత్తి, ఎవరో పిలిచినట్టు గుమ్మం వైపు చూస్తోంది. ఇటువైపు కొట్టం ముందు ఒక ముసలాయన బండి చక్రం బాగుచేస్తున్నాడు.

ఆ చక్రం దగ్గర నా చూపు ఆగిపోయింది. నడుమ నుంచి అంచుకు పోయే ఆకులు లెక్కపెట్టాను. బండి చక్రం ఆకులు నిటారుగా ఉండవు, కొంచెం బయటికి ఒరిగి ఉంటాయి. ఆ వంపు లేకపోతే గుంతలో పడ్డప్పుడు చక్రం తట్టుకోలేదు. బొమ్మలు గీసేవాళ్లు చక్రాన్ని పళ్లెంలా గుండ్రంగా గీసి వదిలేస్తారు. ఈయన ఆ వంపు పెట్టాడు! ముసలాయన పళ్ల మధ్య చెక్క చీల ఒకటి పట్టుకుని ఉన్నాడు. మా నాన్న కూడా అంతే, రెండు చేతులకు పని ఉంటే చీల నోట్లో పెట్టుకునేవాడు. అమ్మ ఏమడిగినా "ఊఁ, ఊఁ" అనేవాడు. ఎక్కడి ఫ్రాన్సు, ఎక్కడి మా నాన్న? జిద్దాలో స్టూలు మీద కూర్చుని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కరీం వచ్చి అడిగితే ఈసారి గంటసేపు చెప్పాను. ఆయన నవ్వి, "ఇప్పుడు సంచీ విప్పుకో" అన్నాడు.

పిల్లలూ, మీ సూపర్‌వైజర్ మిమ్మల్ని పటం ముందు కూర్చోబెట్టకపోతే మీరే కూర్చోండి. ముందు ఎలా ఉందో తెలియకపోతే, తర్వాత ఏం చెడిందో మీకెలా తెలుస్తుంది?

వదులు

ఆ పటం కొండల మీది అభాలో ఉండే ఒక కుటుంబానిది. పూత ఊడిన ఫ్రేము బాగుచేయమని పంపారు. పని సగంలో ఉండగా కరీం చెల్లెలి పెళ్లికని కైరో వెళ్లాడు. "ఫ్రేము పూర్తి చేసి పెట్టు. నేను వచ్చేలోపు వాళ్లు అడిగితే పంపించు" అన్నాడు. పటాన్ని ముట్టుకోవద్దని చెప్పలేదు. చెప్పాల్సిన పని ఉందని అనుకోలేదు.

ఫ్రేము నున్నగా చేసి, పటాన్ని అందులో కూర్చోబెట్టేముందు వెనక్కి తిప్పి చూశాను. కాన్వాసు గుడ్డను ఒక చెక్క చట్రం మీద లాగి కొడతారు. ఆ చట్రం మూలల్లో చిన్న చిన్న చెక్క చీలలు ఉంటాయి. వేలితో కదిపితే అన్నీ వదులుగా ఉన్నాయి. ఒకటైతే చేతిలోకే వచ్చింది. గుడ్డ కూడా కొంచెం జారినట్టుంది.

మా ఇంట్లో వదులు అనే మాట తిట్టుతో సమానం. కీలు వదులున్న నాగలి గడప ముందు ఉంటే మా నాన్నకు అన్నం దిగేది కాదు. నేనేం చేశానో మీకు అర్థమై ఉంటుంది. చీలలన్నిటికీ జిగురు పూసి, సుత్తితో ఒక్కొక్కటీ లోపలికంటా దిగగొట్టాను. గుడ్డ బిర్రుగా అయింది. నూట యాభై ఏళ్లలో ఏ ఫ్రెంచివాడికీ రాని ఆలోచన నాకు వచ్చిందని మురిసిపోయాను. కరీం వస్తే మెచ్చుకుంటాడని కూడా అనుకున్నాను.

ఆ చీలలు వదులుగా ఉండడానికే ఉంటాయని నాకు తెలియదు. జిద్దా గాలిలో సముద్రపు తడి. ఆ తడికి గుడ్డ సాగుతుంది. అభా కొండ మీద చలికాలం హీటర్ పెడితే గది ఎండిపోతుంది, గుడ్డ బిగుసుకుంటుంది. చట్రానికి కాస్త సందు ఉంటేనే ఆ లాగుడు తట్టుకుంటుంది. నేను ఆ సందు మూసేశాను. ఇంకెవడైనా అయితే వదులు చూసి కూడా ఊరుకునేవాడు. వడ్ల ఇంట్లో పుట్టినవాడు ఊరుకోలేడు. మీకు ఏ పని బాగా వచ్చో ముందు దాని మీదే ఒక కన్ను వేసి ఉంచండి.

కరీం రాకముందే వాళ్లు అడిగారు. పటం వెళ్లిపోయింది.

అభాలో

చలికాలం మధ్యలో అభా నుంచి ఫోన్ వచ్చింది. పటం పాడైందట, వెంటనే వచ్చి తీసుకెళ్లమన్నారు. కరీం నన్నూ, డ్రైవర్ జాఫర్ భాయ్‌నీ పంపాడు. జాఫర్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి. ఘాట్ రోడ్డు మలుపుల్లో కూడా డ్యాష్‌బోర్డు మీది చాయ్ కప్పు తొణకనిచ్చేవాడు కాదు. ఆ రోజు దారంతా పొగమంచు. నేను కిటికీలోంచి చూసుకుంటూ జోకులు వేశాను. నాకేం తెలుసు!

ఇంటి పెద్దావిడను అందరూ ఉమ్ సాలిం అనేవాళ్లు, అంటే సాలిం తల్లి. డెబ్బై దాటిన మనిషి. ఆ ఇళ్లలో మనుషుల బొమ్మలున్న పటాలు మగవాళ్లు కూర్చునే మజ్లిస్‌లో పెట్టరు, అక్కడ నమాజు చేస్తారు గనుక. ఇది ఆమె గదిలో, ఆమె కుర్చీకి ఎదురుగా ఉండేది. కాలం చేసిన భర్త ఫ్రాన్సులో చదువుకునేటప్పుడు కొన్నాడట.

ఉమ్ సాలిం నన్ను చూడగానే పటం మూలకు వేలు పెట్టి చూపింది. "నా కోడి తల ఏది?" అంది.

మూడో కోడికి తల లేదు. మెడ దాకా ఉంది, ఆ పైన బోసి గుడ్డ. అక్కడి నుంచి మూలకు సన్నని పగుళ్లు.

"నేను ఈ కొండల్లో పుట్టినదాన్ని. మాది రాతి ఇల్లే, మాకూ కోళ్లుండేవి. పొద్దున లేవగానే ఇవి మూడూ ఉన్నాయో లేవో చూసుకుంటాను. మొన్న చూస్తే ఒకదానికి తల లేదు" అంది.

కొడుకు సాలిం యాభై ఏళ్ల మనిషి, గవర్నమెంటు ఆఫీసులో పని. "పనిమనిషి తడిగుడ్డతో తుడిచింది. ఎన్నిసార్లు చెప్పినా వినరు. ఎల్లుండి ఆమెను పంపించేస్తున్నాం, ఖరూజ్ కొట్టించాను" అన్నాడు. ఖరూజ్ అంటే దేశం విడిచి పొమ్మనే ముద్ర.

జాఫర్, నేనూ పటం దించాం. జాఫర్ పెట్టె తేవడానికి కిందికి పోయాడు. నేను పటాన్ని వెనక్కి తిప్పాను. నా జిగురు పచ్చగా గడ్డకట్టి ఉంది. వేలి కణుపుతో గుడ్డను తడితే డప్పులా మోగింది. తడిగుడ్డా లేదు, పాడూ లేదు. తుడిస్తే పగుళ్లు ఇలా మూల నుంచి బారవు. ఫ్రేము గాడిలో చూస్తే కింది అంచున కందిబద్దంత పెచ్చు ఒకటి పడి ఉంది. ఎర్ర జుట్టు, ఒక కన్ను. కోడి తలే.

ఆ పెచ్చును టిష్యూ కాగితంలో మడిచి నా అకామా కవర్లో పెట్టుకున్నాను. భద్రం చేయడానికి పెట్టానని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. దాచడానికే పెట్టాను.

జాఫర్ రాగానే చెవిలో చెప్పాను. అతను అటూ ఇటూ చూశాడు.

"చుప్ ఉండు రాజం. నువ్వు చెప్తే ఏమైతది ఎర్కేనా? ఆమె ఖరూజ్ కాయితం మీద నీ పేరు రాస్తరు. నోర్మూస్కొని పటం ఎక్కియ్, పోదం పా."

నేను నోరు మూసుకునే ఉన్నాను. పెట్టె మూత బిగిస్తుంటే ఆ పనిమనిషి వరండాలోకి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. మా మాటల్లో తెలుగు విని వచ్చిందట. పేరు ఖైరున్నీసా, రాయచోటి దగ్గర పల్లె.

"అన్నా, నువ్వు తెలుగోనివేనా? నేను ఆ పటాన్ని తడిగుడ్డతో తుడిసినానంటాండారు. అల్లా మింద ఒట్టు, కోడీకల కట్టతో దుమ్ము దులిపేదే గానీ నీళ్లు సోకనీలేదు. చెప్పుకుందామంటే అరబ్బీ అంత రాదు నాకు."

నేను మేకులు ఏరుకుంటూ ఉండిపోయాను.

"పని పోతే పోనీలే అన్నా, ఇంగోటి దొరుకుతాది. ఈడ ఆరేండ్లు చేసినా. ముసలమ్మకు తల దువ్విందాన్ని నేను, మందులేసిందాన్ని నేను. ఆమె వస్తువు పాడు చేసి పోయింది అనుకుంటారే, అది యాడికి పోయి కడుక్కునేది నేను?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు పటాల పనోనివి గదా. నీళ్లు తగిలినాయో లేదో చూస్తే తెలీదా నీకు?"

"చూస్తం" అన్నాను.

అంతే అన్నాను. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో నేను సిగ్గుపడే మాట అదొక్కటే. సుత్తి దెబ్బ తెలియక కొట్టింది. ఈ మాట తెలిసే అన్నాను.

గహ్వా

బయల్దేరబోతుంటే గహ్వా తాగకుండా పోకూడదని ఉమ్ సాలిం కబురు పెట్టింది. కూలివాళ్లను కూడా తివాచీ మీద కూర్చోబెట్టే ఇల్లు అది. సాలిం తనే నిలబడి ఎడమ చేత్తో దల్లా అనే కాఫీ కూజా పట్టుకుని, చిట్టి కప్పుల్లో యాలకుల కాఫీ పోసి కుడి చేత్తో అందించాడు. ఆ కప్పును ఫింజాన్ అంటారు. నాకూ ఒకటి ఇచ్చాడు.

నా చెయ్యి వణుకుతోంది. అంచు దాకా వచ్చిన గహ్వా తివాచీ మీద ఒలుకుతుందని భయపడి, తాగకుండా కప్పును నా ముందు కింద పెట్టాను.

సాలిం దల్లా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. జాఫర్ నా మీదికి వంగాడు.

"అరే ఏం చేసినవ్ రా! తాగకుండ కింద పెడితే నీకేదో కావాలె అన్నట్టు. ఇస్తమని ఇంటోళ్లు మాట ఇచ్చేదాంక తాగవన్నట్టు. ఎత్తు, జల్దీ ఎత్తు!"

ఆ పద్ధతి నాకు అప్పటిదాకా తెలియదు. గబుక్కున చెయ్యి చాపాను. అప్పుడే ఖైరున్ ఖర్జూరాల పళ్లెం పట్టుకుని లోపలికి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. పళ్లెం సాలిం ముందు పెట్టి, ఎవరి వైపూ చూడకుండా గోడకు ఒదిగి నిలబడింది.

నా చెయ్యి సగంలోనే ఆగిపోయింది. కప్పు ఎత్తితే ఏమీ జరగనట్టే. తాగి, సలాం చెప్పి, బండెక్కి పోవచ్చు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"అమ్మా, అతనికి మన పద్ధతి తెలియదు. పొరపాటున పెట్టాడు" అన్నాడు సాలిం.

ఉమ్ సాలిం నా వంక చూసింది. "పొరపాటునే పెట్టాడు. కానీ మళ్లీ ఎత్తలేదు" అంది. తర్వాత నాతో, "ఏం కావాలి కొడుకా?" అంది.

వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. "ఈమె నీళ్లు తగిలించలేదు. ఈమె ఏమీ చేయలేదు. పాడు చేసింది నేను. వెనక చీలలు నేను బిగగొట్టాను. ఈమెను పంపించొద్దు."

సాలిం ముఖం ఎర్రబడింది. "నువ్వా? ఇంతసేపటి నుంచి ఇక్కడే ఉన్నావు, ఇప్పుడా చెప్పేది?" అన్నాడు. అతని మాటలో తప్పేం లేదు.

"సాలిం" అంది ఆమె, "ఫింజాన్ ఇంకా కిందే ఉంది."

అతను పళ్లు బిగించాడు. తల్లి వైపు, కప్పు వైపు చూశాడు. తర్వాత తల ఊపాడు.

"తాగు" అంది ఉమ్ సాలిం. "నువ్వు అడిగింది అయిపోయింది. ఖైరున్ ఎక్కడికీ పోదు."

తాగాను. ఖైరున్‌కు అరబ్బీ అంత రాదన్నది గానీ ఆ మాట అర్థమైంది. పళ్లెం అక్కడే వదిలేసి బయటికి పరిగెత్తింది.

"నీ గురించి ఏమీ అడగలేదే?" అంది ఉమ్ సాలిం.

"ఒక్క ఫింజానే ఉందమ్మా" అన్నాను. తెలివి చూపడానికి అనలేదు, నిజంగా అంతే అనుకున్నాను. ఆమె ముసుగు అంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చాలాసేపు నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే నేను అకామా కవరు తీసి, టిష్యూ విప్పి, కోడి తలను ఆమె ముందు పెట్టాను.

ఆమె దాన్ని ముట్టుకోలేదు. వంగి చూసింది. "ఇక్కడున్నావా?" అంది దానితో.

ముఅల్లిమ్ ఏమన్నాడు

నేను జిద్దా చేరేలోపే సాలిం ఫోన్ చేసి కరీంకు అంతా చెప్పేశాడు. ఖరూజ్ కొట్టిస్తాడనే అనుకున్నాను. కరీం పటం వెనక భాగాన్ని దీపం కింద చాలాసేపు చూశాడు. నా సుత్తి తీసి తన సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"నీ చేతులు మంచివి. అందుకే భయం వేస్తోంది" అన్నాడు. తర్వాత, "చెప్పాల్సింది చెప్పకుండా పెళ్లికి పోయినవాణ్ని నేను. ఈ తప్పులో సగం నాది" అని సాలింకు అలాగే ఉత్తరం రాశాడు. నాకు చదివి వినిపించి మరీ పంపాడు. ఆ తర్వాత నేను చాలామంది పెద్దల కింద పనిచేశాను. మదీనాలో ఒక హోటల్ మేనేజర్ ఉండేవాడు, లాబీలో తగిలించినది ఏం కింద పడినా ముందు కూలివాడి పేరు అడిగేవాడు. అతని దగ్గర పనివాళ్లు తప్పులు తక్కువ చేయలేదు, దాచడం ఎక్కువ చేశారు. మీకు కరీం లాంటివాడు దొరికితే వదలకండి. మేనేజర్ లాంటివాడు దొరికినా మీ తప్పు మీరు చెప్పండి. మీరు నోరు మూసుకుంటే ఆ తప్పు ఊరికే పోదు, పక్కన నోరు లేని మనిషి ఎవరున్నారో చూసి వాళ్ల నెత్తిన కూర్చుంటుంది.

నా జిగురు ఊడదీయడానికి నాకే ఎనిమిది రోజులు పట్టింది. సన్నని ఉలితో, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి చొప్పున. చీలలు మళ్లీ వదులయ్యాయి. వాటిని అలా వదిలేసి లేవడం నాకు ఎంత కష్టమైందో మా నాన్నకొక్కడికే అర్థమయ్యేది. కోడి తలను కరీం భూతద్దం కింద పెట్టి, సన్న కుంచెతో అతికించాడు. మెడ దగ్గర గీత ఒకటి మిగిలింది. రంగు వేసి కప్పేయనా అని ఉమ్ సాలింను అడిగితే వద్దంది. "ఉండనీ. ఇన్నేళ్లు నాకేం కాలేదా? దానికీ అయింది" అంది.

అప్పటి నుంచి ఏడాదికొకసారి ఆ పటాన్ని చూసి రావడానికి నేనే వెళ్లాలని ఆమె షరతు. నాకు వేసిన శిక్ష అదే. ఖైరున్ నన్ను "సుత్తెన్నా" అని పిలిచేది. గేటు దగ్గరే "సుత్తెన్నా, సంచీ ఈడ పెట్టి లోపలికి రా" అని తనిఖీ చేసేది. నేను ఆమెకు ఎప్పుడూ క్షమాపణ చెప్పలేదు. వరండాలో అన్న ఆ ఒక్క మాట గురించి ఎలా చెప్పాలో తెలియలేదు. ఆమెకు తెలుసనే నా నమ్మకం.

ఆఖరిసారి

నేను పూర్తిగా ఇంటికి వచ్చేసే ముందు అభా వెళ్లాను. ఉమ్ సాలింకు అప్పటికి చూపు దాదాపు పోయింది. వెలుతురు ఎటుందో మాత్రం తెలిసేది. ఖైరున్ చెయ్యి పట్టుకుని కుర్చీ దాకా నడిపించేది. అయినా కుర్చీ పటానికి ఎదురుగానే ఉండేది. అప్పటికి మూడు నాలుగేళ్లుగా నేను వెళ్లినప్పుడల్లా పటంలో ఏమేం ఉన్నాయో అడిగి చెప్పించుకునేది.

వెనక్కి తిప్పి చూశాను. చీలలు వదులుగా, హాయిగా ఉన్నాయి. తిరిగి తగిలించాను. గహ్వా వచ్చింది. సాలిం పోశాడు, జుట్టు నెరిసింది అతనికి కూడా. నేను కుడి చేత్తో అందుకుని, ఒలకకుండా తాగాను.

ఉమ్ సాలిం తన ఫింజాన్ పట్టుకునే ఉంది. వేళ్లతో పక్కనున్న చిన్న బల్లను తడిమి, సమంగా ఉన్న చోటు చూసుకుని, తాగకుండా అక్కడ పెట్టింది.

సాలిం దల్లా పట్టుకుని ఆ రోజులాగే ఆగిపోయాడు. ఇంటి పెద్ద, తన ఇంట్లో, ఒక పనివాడి ముందు ఫింజాన్ కింద పెట్టడం ఆ కొండల్లో ఎవరూ విని ఉండరు. ఆమె ఏం అడుగుతుందో తెలియకుండానే అనాల్సిన మాట అనేశాను.

"తాగమ్మా. అడిగింది అయిపోయింది."

"నువ్వు పోతున్నావు. ఇక ఈ పటం నాకెవరు చెప్తారు?" అంది. "సాలింను అడిగితే ఒక ఊరు, ఇల్లు, మనుషులు అంటాడు. పోయేముందు ఒక్కసారి మొత్తం చెప్పు. తొందర వద్దు. నేను చూస్తాను."

స్టూలు తెచ్చుకుని పటం ముందు కూర్చున్నాను. కొట్టం దగ్గర మొదలుపెట్టాను. ముసలాయన, పళ్ల మధ్య చీల, ఒరిగిన ఆకులు. సాలిం దల్లా కింద పెట్టి తల్లి పక్కన కూర్చున్నాడు. ఖైరున్ గుమ్మంలో ఆగిపోయింది.

"చక్రం బిగించేశాడా?" అంది ఉమ్ సాలిం.

"ఇంకా లేదమ్మా."

"మంచిది. నెమ్మదిగా చేసుకోనీ."

పొగ చెప్పాను. కంచె మీద బట్టలు చెప్పాను, ఏది తెల్లగా ఉందో ఏది నీలంగా ఉందో. గుమ్మంలో ఆమె, విడిచిన చెక్క చెప్పులు, చిక్కుడు గింజలు. ఉమ్ సాలిం కళ్లు మూసుకుని తల ఊపుతోంది. చివరికి ఆ మూలకు వచ్చాను.

"ఇక్కడ రెండు కోళ్లు గింజలు ఏరుకుంటున్నాయి. మూడోది తల ఎత్తి గుమ్మం వైపు చూస్తోంది. మెడ దగ్గర సన్నని గీత ఉంది. అది నేను చేసింది."

"అవును" అంది ఆమె, "అదీ కనిపిస్తోంది."

చెయ్యి చాపి, బల్ల మీద తడిమి, ఫింజాన్ అందుకుంది. చల్లారిపోయిన గహ్వాను చివరి బొట్టు దాకా తాగింది.